ఐదు వారాలు కొండమీద అమ్మ దగ్గర: తిరిగి వచ్చేటప్పుడు ఆమెను హైదరాబాదు తీసుకురావాలా?

కాఫీపూత (మల్కాజిగిరి):

నమస్కారం. కొండ ఊళ్ళ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవారు ఇక్కడ చాలామంది ఉన్నారని చూసి రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా ఊరు అరకు నుంచి జీపులో గంట ప్రయాణం, ఆ తర్వాత రెండు కిలోమీటర్ల నడక. మొత్తం 22 ఇళ్ళు. మాది గిరిజన కుటుంబం. రెండెకరాల కాఫీ తోట, ఇంటి చుట్టూ మూడు పనస చెట్లు, వెనకాల ఒక పెద్ద చింత. చదువు కోసం ఆశ్రమ పాఠశాల, ఆ తర్వాత విశాఖపట్నం, ఉద్యోగం కోసం హైదరాబాదు. అలా దిగుతూ దిగుతూ ఇక్కడికి వచ్చి 19 ఏళ్ళయింది. కిందటి శ్రావణంలో నాన్న పోయారు. అమ్మకు 67 ఏళ్ళు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

ఈ వేసవికి నాకు ఐదు వారాల సెలవు దొరికింది. పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్తున్నాను. అమ్మాయికి 12 ఏళ్ళు, అబ్బాయికి 7. ఇక్కడ మేము ఉండేది మూడో అంతస్తు, నెత్తిమీద నేరుగా డాబా. మార్చిలోనే బోరు ఎండిపోయింది, రెండు రోజులకొక ట్యాంకరు తెప్పించుకుంటున్నాం. రాత్రి పదకొండు గంటలకు గోడమీద చెయ్యి పెట్టినా వెచ్చగా తగులుతుంది. "అమ్మమ్మ ఊరు చల్లగా ఉంటుంది కదా" అంటూ పిల్లలు రోజులు లెక్కపెడుతున్నారు. వాళ్ళకు ఉన్నమాట చెప్పాను. హైదరాబాదే సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మా ఊరు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుంది. ఆ లెక్కన ఎత్తు వల్ల మాకు కలిసివచ్చేది మూడు డిగ్రీలే. మిగిలిన చల్లదనమంతా చెట్లది, మట్టిగోడలది. మధ్యాహ్నపు ఎండ అక్కడా మాడుస్తుంది. పొద్దు గూకాక మాత్రం నేల వేడిని దాచుకోదు. తెల్లవారుజామున దుప్పటి కావాలి.

పెళ్ళయ్యాక ఊరికి ఎప్పుడు వెళ్ళినా సంక్రాంతికి మూడు రోజులు, ఎవరిదైనా పెళ్ళికి రెండు రోజులు. వేసవిలో మా ఊరు చూసి 15 ఏళ్ళయింది. కొన్ని మాత్రం బాగా గుర్తున్నాయి. చైత్రంలో మా గిరిజనుల ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు వెళ్తే, ఆడవాళ్ళం దారికి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడిగేవాళ్ళం. కొత్త పెట్టేదాకా, అంటే తొలికాయను దేవతకు పెట్టేదాకా, మామిడికాయను ఎవరూ కొరికేవారు కారు. మార్చి, ఏప్రిల్ జల్లులకు కాఫీ తోట ఒక్కసారిగా తెల్లబడి, నాలుగు రోజుల్లోనే ఆ పువ్వంతా గోధుమరంగుకు తిరిగి రాలిపోయేది. దాని వాసన మల్లెకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నది అందుకే. మేము చేరేసరికి ఇవన్నీ అయిపోతాయి. ఆ తర్వాత, నడి వేసవిలో, ఇంట్లో ఏం జరిగేదో నాకు సరిగా గుర్తు లేదు. పొద్దస్తమానం గెడ్డలో (మా ఊరి వాగులో) ఆడుకున్నాను, అమ్మా నాన్నా ఏం చేస్తున్నారో పట్టించుకోలేదు.

అసలు సంగతి అమ్మ గురించి. మా ఇంట్లో సిగ్నలు ఉండదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఊరికి పైనున్న బండ ఎక్కి నాకు ఫోను చేస్తుంది. ఒక ఆదివారం ఫోను రాకపోతే మళ్ళీ మాట వినేదాకా నాకు అన్నం దిగదు. విశాఖపట్నంలో ఉండే అన్నయ్య, మా వారు ఇద్దరూ ఒకటే మాట: "ఈసారి వెంట తీసుకువచ్చెయ్యి, మళ్ళీ ఒంటరిగా వదలవద్దు." అమ్మను అడిగితే, "ఎండాకాలం ఎవరైనా ఇల్లు వదిలి వస్తారా?" అంటుంది. నాకు అది సాకులా వినిపించింది. ఊరికి వెళ్ళేవాళ్ళు వెళ్తారు కాని, ఎండాకాలం ఇల్లు కదలకూడదనే నియమం ఎక్కడిది?

పెద్దవాళ్ళను కొండల నుంచి నగరానికి తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, ఎలా గడిచిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అలాగే నగరంలో పుట్టి పెరిగిన పిల్లలతో ఇన్ని రోజులు ఉండబోతున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పండి.


తెల్లచీర (సైనిక్‌పురి):

అమ్మా, నేను పాడేరు చుట్టుపక్కల 11 ఏళ్ళు ఆరోగ్య కేంద్రాల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీ అమ్మగారి విషయం మీ ఇంటివారే తేల్చుకోవాలి. పిల్లల గురించి మాత్రం నాకు తెలిసింది చెప్పగలను.

అన్నిటికన్నా ముందు దోమతెర. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి తీసుకువెళ్ళండి. మలేరియా ఉద్ధృతి వానల్లో ఎక్కువే, అయినా తొలి జల్లులు పడగానే మొదలవుతుంది. దోమతెరతో ఇంకో ప్రయోజనం ఉంది. కొండ ఊళ్ళలో కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది. ఎలుకల కోసం, ఇతర పాముల కోసం తిరుగుతూ నేలమీద పడుకున్నవారి పక్కకు చేరుతుంది. నేలమీద పడుకోవద్దు. మంచం వేసుకుని, తెర అంచులను పరుపు కిందికి చుట్టూ దోపండి. కట్లపాము కాటుకు మంట, వాపు పెద్దగా ఉండవు. అందుకే చాలామంది తెలియక మళ్ళీ నిద్రపోతారు. తెల్లవారేసరికి కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, గుటక పడదు. అలా కనిపిస్తే క్షణం ఆగవద్దు. తాడు బిగించి కట్టడం, కోయడం, నాటువైద్యం ఏదీ వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో ఊరు చేరిన మొదటి రోజే కనుక్కుని పెట్టుకోండి. భయపెట్టాలని కాదు. నా చేతుల మీదుగా ఒక పదేళ్ళ పిల్ల అలా పోయింది. వాళ్ళ ఊరి నుంచి డోలీలో మోసుకువచ్చారు. దారిలోనే ఆలస్యమైంది. ఇప్పటికీ ఆ పిల్ల జడకు కట్టిన పచ్చ రిబ్బను నాకు గుర్తుంది.

నీళ్ళు కాచి తాగించండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. జ్వరం ఏదైనా సరే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించిన తర్వాతే మందు.

ఇంకొక్క మాట. ఫోను కోసం బండ ఎక్కుతారన్నారు. వేసవిలో అక్కడ మధ్యాహ్నం మూడు దాటాక హఠాత్తుగా ఉరుములు వస్తాయి. మొదటి ఉరుము వినగానే బండ దిగిపోవాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. మీ అమ్మగారికి ఇది తెలిసే ఉంటుంది. పిల్లలకు మీరు చెప్పాలి.


తునికాకు (ఉప్పల్):

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగాను. రాయాలా వద్దా అని.

మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు. అడవి అంచు ఊరు. మీ అంత ఎత్తు లేదు, మీ అంత చల్లదనమూ లేదు. అమ్మ పోయాక నాన్నను ఉప్పల్‌కు తీసుకువచ్చాను. మంచి గది ఇచ్చాం, కూలరు పెట్టాం, నా భార్య ఆయనకు ఇష్టమని వారానికి రెండుసార్లు జొన్నరొట్టె చేసేది. ఏ లోటూ చేయలేదు. ఆయన కూడా ఒక్క రోజు ఫిర్యాదు చేయలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, బట్టలు వేసుకుని, నా దగ్గరికి వచ్చి అడిగేవారు: "ఇవాళ పని ఏముంది?" ఏమీ లేదు, మీరు విశ్రాంతి తీసుకోండి అనేవాణ్ణి. ప్రేమతోనే అనేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

వేసవి వచ్చింది. మా ఊళ్ళో అది తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, కోసే కాలం. చీకటితోనే అడవికి వెళ్ళి ఆకు కోసి, ఎండ ముదిరేలోగా ఇంటికి తెచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లంలో అప్పగించాలి. కొద్ది వారాలే ఉంటుంది ఆ పని. ఇల్లంతా, పిల్లలతో సహా కూర్చుంటేనే అయ్యేది. ఒక రోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. మా అపార్టుమెంటు ఆవరణలో ఒక బాదం చెట్టు ఉంది. నాన్న దాని కింద గొంతుక్కూర్చుని, రాలిన ఆకులు ఏరి, సైజు చూసి, తొడిమలన్నీ ఒకవైపు పెట్టి, కట్టలు కడుతున్నారు. దారంతో. పక్కన తొమ్మిది కట్టలున్నాయి. ఒకటి తీసి లెక్కపెట్టాను. 50 ఆకులు. సరిగ్గా 50.

ఎనిమిదో నెలలో ఆయన్ను ఊళ్ళో దింపి వచ్చాను. మా చిన్నాన్న కొడుకు ఇల్లు పక్కనే. నెలకొకసారి వెళ్తున్నాను. డబ్బు, సమయం రెండూ ఖర్చవుతున్నాయి, నిజమే. ఆయన ఇప్పుడు నన్ను పని ఏముందని అడగరు, నాకే చెబుతారు.

అందరికీ ఇలాగే జరుగుతుందని అనను. నగరంలో హాయిగా కలిసిపోయిన పెద్దవాళ్ళను నేనూ చూశాను. కాని మీ అమ్మగారు "ఎండాకాలం ఇల్లు వదిలి ఎవరైనా వస్తారా" అన్న మాటను సాకు అనుకోవద్దు. వస్తావా రావా అని అడగకండి. వెళ్ళగానే ఈ ఎండాకాలంలో ఏ పనులు మిగిలి ఉన్నాయో అడగండి. ఆవిడ చెప్పే జాబితా వినండి.


రెండో బాల్కనీ (మియాపూర్):

మీరు రాసింది చదువుతుంటే మా ఇంట్లో అందరికీ అక్కడే ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలనిపించింది. వేసవి రెండు నెలలు గడపడానికి అరకు చుట్టుపక్కల పది సెంట్ల స్థలం దొరుకుతుందా? తప్పుగా అనుకోకండి, నాకు ఆ ప్రాంతం తెలియదు కాబట్టి అడుగుతున్నాను.


దస్తావేజు (నల్లకుంట):

దొరకదు, దొరకకూడదు కూడా. అది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో ఒకటో నంబరు నిబంధనతో సవరించారు. అందుకే వాడుకలో దాన్ని '1/70' అంటారు. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మినా, లీజుకిచ్చినా, కానుకగా ఇచ్చినా చెల్లదు. ఇద్దరు గిరిజనేతరుల మధ్య బదలాయింపు కూడా చెల్లదు. తెల్లకాగితం మీద రాసుకుని, స్థానికుల పేరున పెట్టుకుని కొనిపిస్తామని చెప్పేవారు ఉంటారు. వాళ్ళ మాట వింటే మీ డబ్బు పోతుంది, అక్కడివారి భూమి పోతుంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం సైతం ఆ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వరాదని చెప్పింది. ఆ వివాదం బొర్రా పరిసరాల్లోని గనులతోనే మొదలైంది. ఈ చట్టమే లేకపోతే ప్రశ్న అడిగిన సోదరికి ఇవాళ వెళ్ళడానికి అమ్మ ఇల్లు మిగిలి ఉండేది కాదేమో. పర్యాటక శాఖ అతిథిగృహాలు ఉన్నాయి. నాలుగు రోజులు ఉండి, సంతలో నాలుగు వస్తువులు కొని రండి.


రెండో బాల్కనీ (మియాపూర్):

అర్థమైంది. చెప్పినందుకు కృతజ్ఞతలు. ఈ సంగతి మా ఇంట్లో కూడా చెబుతాను.


కాఫీపూత (ప్రస్తుతం ఊళ్ళో, బండమీద నుంచి):

మూడు వారాలు దాటింది. ఇక్కడ సిగ్నలు నిలకడగా ఉండేది పొద్దున్నే. అందుకే ఇప్పుడు ఎక్కి రాస్తున్నాను. జవాబులు రాసిన అందరికీ నమస్కారం.

రావడం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో. తెల్లవారుజామున విశాఖపట్నంలో దిగి, కిరండూల్ వెళ్ళే రైలు ఎక్కాం. దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి. మా అబ్బాయి లెక్కపెడుతూ ముప్ఫై దాటాక నిద్రపోయాడు. 1960ల్లో బైలదిల్లా ఇనుపరాయి కోసం ఆ లైను వేస్తున్నప్పుడు మా తాతయ్య రాళ్ళు మోశాడు. ఆ సంగతి పిల్లలకు రైల్లోనే మొదటిసారి చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

తునికాకు గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. రెండో రోజు రాత్రి, అన్నాలు అయ్యాక. "ఇంకా ఏం పనులున్నాయి అమ్మా?" అన్నాను. అమ్మ నా ముఖం వైపు చాలాసేపు చూసి, వేళ్ళు ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. రెండు చేతుల వేళ్ళూ చాల్లేదు. చింతపండు నాలుగు బస్తాలు కొట్టాలి. గింజ తీయాలి. వానాకాలానికి కట్టెలు కొట్టి అటక ఎక్కించాలి. గోడలకు ఎర్రమట్టి పూయాలి. రాగి చేను దుక్కి దున్నించాలి. తోటలో నేల రాలిన పాత కాయ ఏరాలి. మొక్కల కాండాలు రుద్దాలి. నీడ చెట్ల కొమ్మలు నరికించాలి. ఇప్పగింజ ఏరాలి. విస్తరాకులకు అడ్డాకు తేవాలి. చివర, గొంతు కాస్త తగ్గించి, ఇంటి కప్పు సర్దాలి అంది.

అప్పుడు అర్థమైంది నాకు. నాలుగు నెలల వాన మొదలయ్యేలోగా ఇంటిని, తోటను సిద్ధం చేసుకునే కాలం ఇది. వేసవిలో ఇల్లు వదిలితే వానలో ఇల్లు ఉండదు. అందుకే నాన్న ఏ వేసవిలోనూ హైదరాబాదు రాలేదు. నేను ఆయన మీద అలిగిన రోజులున్నాయి.

కప్పు గురించి వివరంగా చెబుతాను. మాది నాటు పెంకుటిల్లు. కోతులు తిరిగి పెంకులు జరిగిపోతాయి, కొన్ని పగులుతాయి. ఏటా నాన్న వైశాఖంలో కప్పెక్కి మొత్తం సర్దేవారు. ఈసారి ఎక్కేవారు లేరు. డిసెంబరు నుంచి అమ్మ మనసులో ఉన్నది ఆ ఒక్క దిగులే. ప్రతి ఆదివారం ఫోనులో బాగున్నానని చెబుతూనే ఉంది, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "అక్కడినుంచి నువ్వు ఎక్కుతావా?" అంది అడిగితే. ఊళ్ళో ఇద్దరు బావలు వచ్చి రెండు రోజుల్లో పని చేసిపెట్టారు. వాళ్ళ చింతపండు మేము ఒక రోజు కొట్టిచ్చాం. అది ఇక్కడి లెక్క. నేను నిచ్చెన కింద నిలబడి పెంకులు అందించాను. మా అబ్బాయి పెరట్లోని కుప్ప నుంచి రెండేసి పెంకులు గుండెకు హత్తుకుని మోశాడు. 140 పెంకులు మార్చాం. పని అయిన రాత్రి అమ్మ పడుకుని కప్పుకేసి చూస్తూ, ఎక్కడా చుక్క కనిపించడం లేదు అంది. పెంకుల సందుల్లోంచి నక్షత్రాలు కనిపిస్తే కప్పు బాగోలేదన్నట్టు.

నీళ్ళ సంగతి. ఊట నుంచి ఊరికి గొట్టం వేశారు, మోటారు అక్కర్లేకుండా వాలుకే వస్తాయి. ఎండలు ముదిరాక ధార సన్నబడింది. బిందె నిండడానికి ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున నాలుగున్నరకే బిందెలు వరసలో ఉంటాయి. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ దాటి పెట్టరు. స్నానాలకు, బట్టలకు గెడ్డలో చలమ తవ్వుకున్నాం. మా అమ్మాయి హైదరాబాదులో తల స్నానానికి రెండు బకెట్లు వాడేది. ఇప్పుడు తన నీళ్ళు తనే మోసుకుంటోంది. చింతపండు పులుపుకు వేళ్ళ చివర తోలు ఊడింది. ఆముదం రాస్తే మర్నాడు మళ్ళీ వచ్చి పీట వేసుకుని కూర్చుంది. నేను చెప్పలేదు.

తోట గురించి రాయకుండా ఉండలేను. హైదరాబాదు దుకాణాల్లో అరకు కాఫీ అని రాసిన డబ్బా కనిపిస్తే నేను ఆగి చేత్తో పట్టుకుని చూస్తాను. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. కాని ఆ మొక్కకు వేసవిలో ఇంత చాకిరీ ఉందని నాకు తెలియదు. కాండం తొలిచే పురుగు బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. అందుకని ఈ రోజుల్లో గోనెపట్ట చేతికి చుట్టుకుని, పచ్చి బెరడు లేవకుండా, పైన ఎండిన పొర మాత్రం ఊడేలా రుద్దాలి. ఒక్కొక్క మొక్కకూ వంగి. నేల రాలిన పాత కాయలను వదిలేస్తే కాయతొలుచు పురుగు వాటిలో దాక్కుని కొత్త పంటకు పాకుతుంది. వాటిని ఏరి తోటకు దూరంగా తీసుకుపోవాలి.

తోట పైమడిలో పదకొండు మొక్కలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. పురుగు తొలిచిన మొక్కలకు, తీసేయాలని గుర్తుగా నాన్న కట్టినవి. పోవడానికి నెల ముందు కట్టారట. అమ్మ ఏడాదంతా వాటిని చూస్తూ తిరిగింది, ముట్టుకోలేదు. "అది ఆయన పని" అంది. పురుగు పట్టిన మొక్కను అలా ఉంచితే పక్క మొక్కలకు పాకుతుందని ఆమెకు తెలుసు. తెలిసీ చెయ్యి రాలేదు. మొన్న గురువారం ముగ్గురం పారలు తీసుకుని వెళ్ళి పదకొండూ పెకలించాం. ఒక్కొక్క కాండాన్ని విరిస్తే లోపల సన్నటి సొరంగాలు, పొడి. ఒకచోట పోగుపెట్టి కాల్చాం. పీలికలు మాత్రం అమ్మ విప్పి కొంగున కట్టుకుంది. ఆ ఖాళీలన్నిటికీ గుంటలు తీశాం, వానలు పడగానే కొత్త నారు పెడతారు.

తెల్లచీర గారూ, దోమతెరలు మీరు చెప్పినట్టే కట్టాం. ఇంటికి ఒకటి ఎక్కువ తెచ్చి అమ్మకూ కట్టాను. మొదటి రాత్రి ఊపిరాడదంది, ఇప్పుడు ముందు తనే లోపలికి దూరుతోంది. పాము మందు ఎక్కడ ఉందో కనుక్కుని, గోడమీద బొగ్గుతో ఆసుపత్రి పేరు రాసి పెట్టాను. పోయిన సోమవారం వడగళ్ళు పడ్డాయి. ఉరుము వినగానే మా అబ్బాయి బండమీద ఉన్న పక్కింటి పిల్లలను కూడా కేకలేసి దింపాడు.

అమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు తమలో తాము ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటారు. నేను పిల్లలకు నేర్పలేదు. స్కూల్లో ఎవరైనా నవ్వుతారని భయపడ్డాను. మా అబ్బాయి ఇప్పుడు నీళ్ళు అనడం మానేసి "పాణి" అంటున్నాడు. నిన్న వాళ్ళ చిన్నమ్మమ్మతో ఒక వాక్యమంతా మాట్లాడాడు. నాకే వాడిని మళ్ళీ చెప్పమని అడగాలనిపించింది.

ఇక అసలు ప్రశ్న. నిన్న చింతగింజ తీస్తూ అమ్మే ఎత్తింది. ఆమె లెక్క ఇది. శ్రావణంలో నాన్న సంవత్సరీకం ఇక్కడే జరగాలి. అందుకు అన్నయ్య, నేను రావాలి. ఆ తర్వాత భాద్రపదంలో దారంతా బురద, తోటలో కలుపు తీతే తప్ప పెద్ద పని ఉండదు, దాన్ని అమ్మ చెల్లెలు చూసుకుంటుంది. అప్పుడు నాతో హైదరాబాదు వస్తుంది. కార్తీకం దగ్గరపడి కాయ ఎర్రబడేలోగా ఇంట్లో దింపాలి. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఇందులో నేను మార్చగలిగింది ఏమీ లేదు, మార్చాలనీ లేదు. మా వారికి ఫోనులో చెప్పాను. వచ్చే వేసవికి ఆయన కూడా సెలవు పెడతానన్నారు. కప్పెక్కడం నేర్చుకుంటానన్నారు.


తునికాకు (ఉప్పల్):

చాలా సంతోషంగా ఉందండి. ఒకటి అడగాలి. ఆవిడ వచ్చే ఆ రెండు నెలలు ఇక్కడ ఆవిడకు పని ఏం చూపిస్తారు?


కాఫీపూత (ఊళ్ళో):

అది కూడా అమ్మే అడిగింది. అడ్డాకులు ఎండబెట్టి కట్టలు కట్టి ఉంచాం, వచ్చేటప్పుడు తెచ్చుకుంటుంది. వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టడం మా అమ్మాయికి నేర్పుతానంది. మల్కాజిగిరిలో మా వీధి చివరి గుడిలో వారం వారం అన్నదానం జరుగుతుంది. ప్లాస్టిక్ పళ్ళేలు వాడుతున్నారు. వాళ్ళతో మాట్లాడాలి.

ఇక దిగుతాను. రేపు సంత. రెండు బస్తాల చింతపండు జీపు వచ్చే చోటిదాకా మోయించాలి, ఇంకా గోనె మూతులు కుట్టలేదు. కింద నుంచి అమ్మ పిలుస్తోంది.